డ్రిల్లు మాస్టారి పైచదువు

మా డ్రిల్లు మాస్టారు నలభై నాలుగో ఏట పీజీలో చేరానని చెప్పిన రోజు స్టాఫ్ రూములో అందరికంటే గట్టిగా నవ్విన మనిషిని నేనే. దాచడం దేనికి, నాకు నవ్వడం ఇష్టం. ఎదుటివాడు గంభీరంగా ఉన్నప్పుడు మరీ ఇష్టం. ఆయన మెడలో ఈల, చంకలో గాలి తగ్గిన బంతితో తలుపు దగ్గర నిలబడి, "పాఠశాల నాయకత్వం అని రెండేళ్ళ కోర్సు అక్కా. అది పాసైతే హెడ్మాస్టర్ పోస్టుకి మా డ్రిల్లు మాస్టర్లు కూడా పెట్టుకోవచ్చట" అన్నాడు.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నారు లెక్కల మాస్టారు, టీ గ్లాసులోంచి తల ఎత్తకుండా.

"ముందు ఆ బంతికి గాలి కొట్టు నాయనా. బడికి తర్వాత కొడుదువుగాని" అన్నాను నేను.

ఆయన కూడా నవ్వాడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. తనని చూసి నవ్వుతున్నారని తెలిసినా కలిసి నవ్వుతాడు, తర్వాత తన పని తాను చేసుకుపోతాడు. స్టాఫ్ రూములో ఆయనకి కుర్చీ లేదు. ఉన్నా కూర్చోడులే అనుకునేవాళ్ళం. ఎవరైనా కూర్చోమంటే కదా తెలిసేది. పదిహేడేళ్ళ సర్వీసులో ఆయనకి మేం అప్పగించిన పనులు బెంచీలు మోయించడం, పరీక్షల ముందు వాటికి నంబర్లు అంటించడం, సెలవు పెట్టినవాళ్ళ తరగతిలో గోల ఆపడం. డ్రిల్లు పీరియడ్ అంటే మాకు లెక్కల పీరియడ్‌కి అరువిచ్చే పీరియడ్.

నేను సోషల్ చెబుతాను. మా బడిలో క్లాస్ టీచరు ఆరో తరగతిలో చేరిన పిల్లలతో పాటే ఏటా పైకి వెళ్తుంది. ఆ ఏడు నాది ఆరో తరగతి బి సెక్షన్.

ఈ డ్రిల్లు మాస్టారికి ఒక పిచ్చి ఉండేది. ఉదయం ప్రార్థనకి పిల్లలు గ్రౌండులో వరుసల్లో నిలబడతారు కదా, ఆ వరుసల్లో ఆరో తరగతి మొదటి రోజు ఎవరికి ఏ చోటు ఇచ్చాడో బడి చదువు ముగిసేదాకా ఆ చోటు వాళ్ళదే. పొట్టివాడి ముందు పొడుగువాడు వచ్చినా సరే. పిల్లవాడు రాకపోతే వెనకవాళ్ళు ముందుకు జరగకూడదు, ఆ చోటు అలాగే ఉండాలి. మెట్ల మీద నుంచి చూస్తే వరుసలన్నీ పళ్ళూడిన నోరులా కనిపించేవి. తనిఖీకి ఎవరైనా వచ్చిన రోజున హెడ్మాస్టరుగారికి తల కొట్టేసినట్టయ్యేది.

"ఆ ఖాళీలు పూడ్పించవయ్యా, చూడ్డానికి బాగాలేదు."

"రేపొస్తారు సార్. వస్తే నిలబడ్డానికి చోటుండాలిగా."

ప్రార్థన అయ్యేలోపు ఆయన ఆ ఖాళీలన్నీ లెక్కపెట్టి చొక్కా జేబులోని చిన్న నోటుబుక్కులో రాసుకునేవాడు. మొదటి పీరియడ్ ఖాళీ ఉంటే సైకిలేసుకుని బయటికి పోయేవాడు. అరగంటకి ఎవరో ఒకరిని వెంటబెట్టుకుని వచ్చేవాడు. ఎక్కువసార్లు మా సెక్షన్ పిల్లే. మూడో వరుసలో నాలుగో చోటు ఆమెది. కాళ్ళు పొడుగు, లాంగ్ జంప్‌లో తొమ్మిదో తరగతి మగపిల్లల్ని దాటేది, అందుకని అందరూ మిడత అనేవాళ్ళు. తల్లి పెట్టెలు ప్యాక్ చేసే షెడ్డులో పని చేస్తుంది. సరుకు ఎక్కువ వచ్చిన రోజున పిల్లని కూడా తీసుకుపోతుంది. ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడి ఈల ఊదేవాడట. పిల్ల చేతిలో ఉన్న అట్టపెట్టె కింద పెట్టి వచ్చేసేది. ఆయన సైకిలు నెట్టుకుంటూ ముందు, ఆమె వెనక.

"పిల్లల్ని పట్టుకొచ్చే ఉద్యోగం కూడా నీకే ఇచ్చారా?" అని అడిగాను ఒకసారి.

"చోటు ఖాళీగా కనపడితే కాలు నిలవదక్కా" అన్నాడు.

ఇక మా ఉద్యోగం సంగతి. హాజరు పట్టీలో మేం పేరు పిలిచినప్పుడు పలకనివాళ్ళ గడిలో పెన్సిలుతో చిన్న చుక్క పెడతాం. ఆలస్యంగా వస్తే చుక్క మీద పెన్నుతో గీత, అంటే వచ్చినట్టు. అసలే రాకపోతే సాయంత్రానికి ఎర్ర సిరాతో సున్నా చుట్టాలి. పద్ధతి అది. ఎర్ర సిరా సీసా మా బడిలో ఎండిపోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. నెలాఖరున చుక్కలన్నిటి మీదా గీతలు పడేవి. దీన్ని మేం చుక్కలు కప్పడం అనేవాళ్ళం, వంటింట్లో గిన్నెల మీద మూతలు పెట్టుకున్నంత మామూలుగా. దానికి కారణముంది. హాజరు డెబ్బై అయిదు శాతం దాటకపోతే రెండు సెక్షన్లు కలిపి ఒకటి చేస్తారు, ఒక టీచరు మిగులు కింద లెక్క తేలి ఎక్కడికో బదిలీ అవుతారు. మొదట కలిసేది మా బి సెక్షన్, మొదట మిగిలేది నేను. మా ఇల్లు బడికి ఏడు నిమిషాల నడక. ఇంతకు మించిన గొప్ప కారణమేదీ నా దగ్గర లేదు.

ఒక నెలాఖరున డ్రిల్లు మాస్టారు నోటుబుక్కు పట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. సంతకం కోసం పట్టీ తీసుకెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

"సార్, బడిలో నాలుగొందల పన్నెండు మంది. ఈ నెల గ్రౌండులో నా లెక్క సగటున రెండొందల అరవై ఎనిమిది. పట్టీల్లో మూడొందల ఎనభై ఏడుంది. ఆ నూట పంతొమ్మిది మంది ఎక్కడున్నారు సార్?"

"పట్టీల్లో ఉన్నారు" అన్నారు హెడ్మాస్టరుగారు. తర్వాత కొంచెం చిరాకుపడి, "ఈ కుర్చీలో కూర్చున్న రోజున నీ లెక్క నువ్వు రాసుకో. అప్పటిదాకా ఈల ఊదుకో" అన్నారు.

ఆ మాట మాలో ఎవరిని అన్నా ఇంటికెళ్ళి ఇంట్లోవాళ్ళ మీద అరిచి మర్చిపోయేవాళ్ళం. ఈయన మాత్రం అడ్రసు అడిగితే దారి చెప్పినట్టు విన్నాడు. కుర్చీలో కూర్చోవాలంటే ఏం కావాలని పదిమందిని అడిగాడు, పీజీ కావాలన్నారు, వెళ్ళి చేరాడు. వెర్రిబాగులవాడు కాకపోతే తిట్టుని సలహాగా తీసుకునేవాడు ఎక్కడైనా ఉంటాడా?

రెండేళ్ళ పాటు ఆదివారాలు ఒక కాలేజీలో తరగతులు. నాయకత్వం ఏడు రకాలని అక్కడ చెప్పారట. బడి గోడలకి సున్నం వేయించడాన్ని మౌలిక వసతుల రూపాంతరీకరణ అనాలట. పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, మేం, గేటు దగ్గర వాచ్‌మన్, అందరం కలిపి భాగస్వాములమట. ఇటుకరాళ్ళంత పుస్తకాలు ఇచ్చారు. మధ్యాహ్నం భోజనం గంటలో ఆయన ఆటసామాన్ల గదిలో చాపల కట్ట మీద కూర్చుని ఆ ఇటుకలు చదివేవాడు, పేజీ గుర్తుకి ఈల తాడు పెట్టుకునేవాడు. రాసిన జవాబులు నా చేతికిచ్చి తప్పులు దిద్దమనేవాడు. దిద్దాను. పాఠం నాకేమీ ఎక్కలేదు కానీ ఒకటి మాత్రం అర్థమైంది, బడిలో ఒక్క రోజు కూడా నిలబడనివాడు బడి గురించి ఎన్ని పేజీలైనా రాయగలడు.

ఆయన భార్య బట్టలు కుడుతుంది. జాకెట్టు కొలతలివ్వడానికి వెళ్తే మిషను ఆపి మొరపెట్టుకుంది.

"మీ తమ్ముడితో వేగలేకపోతున్నాను వదినగారూ. నిన్న మావాడు హోంవర్క్ చేయలేదు. మామూలుగా అయితే నాలుగు తిట్టేవారు. నిన్న ఎదురుగా కూర్చుని 'నీకున్న అవరోధాలేమిటి' అని అడిగారు. వాడు భయపడి ఏడ్చేశాడు."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదేనని స్టాఫ్ రూములో వారం రోజులు చెప్పుకుని నవ్వుకున్నాం.

రెండో ఏడు సిద్ధాంత వ్యాసం రాయాలి. అందరూ ఎక్కడో దొరికినది తెచ్చి పైపేరు మార్చుకుంటారు. ఈయన తన విషయం తాను ఎంచుకున్నాడు, బడిలో పిల్లల హాజరు. వంద రోజులు గ్రౌండులో తలలు లెక్కపెట్టి, ఖాళీ అయిన ప్రతి చోటుకీ కారణం రాశాడు. షెడ్డులో పని ఇంతమంది, చంటిపిల్లల్ని చూసుకోవడం ఇంతమంది, చెప్పులు లేవని ఇంతమంది, పాఠం అర్థంకాక రావడం మానేసినవాళ్ళు ఇంతమంది. ఆ చివరిదాన్ని చదివి నాకు ఒళ్ళు మండింది. నిజమే కాబట్టి మరింత మండింది. మొత్తం మీద తేలిన హాజరు అరవై అయిదు శాతం.

వ్యాసం చూసి సంతకం పెట్టాల్సిన కాలేజీ గైడ్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయనగారి గదిలో పాత వ్యాసాలు గుట్టలుగా ఉండేవట, తలుపు గాలికి కొట్టుకోకుండా అందులో ఒకటి అడ్డం పెట్టారట. పేజీలు తిప్పి, "నీ నోటుబుక్కుకి సీలుందా?" అని అడిగారట.

"లేదు సార్, అది నాదే."

"హాజరు పట్టీకి?"

"ఉంది సార్."

"మరి? సీలున్నది ఆధారం. లేనిది కాకిలెక్క. పట్టీలో ఏముందో అది వేసి, మీ హెడ్మాస్టరు చేత సరిగానే ఉందని సంతకం చేయించి పట్టుకురా. లేదంటే వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడంటే మా హెడ్మాస్టరుగారు రిటైరయ్యాక. అప్పటికి ఆ కుర్చీలో బయటివాళ్ళెవరో వచ్చి కూర్చుంటారు, మరో పదేళ్ళు కదలరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆటసామాన్ల గదిలో నన్ను పిలిచి చాపల కట్ట దులిపి కూర్చోబెట్టాడు. గదంతా తోలు వాసన, చెమట వాసన.

"ఏం చేయమంటారక్కా?"

"రాసెయ్యి. పట్టీల లెక్క ప్రకారం తొంభై నాలుగు శాతం అని రాసెయ్యి. కుర్చీ ఎక్కాక నీ ఇష్టమొచ్చినట్టు లెక్కపెట్టుకో. ఎక్కకముందే నిచ్చెన తన్నేసుకుంటారా ఎవరైనా?"

"అబద్ధం కదక్కా."

"చిన్నదే."

"నూట పంతొమ్మిది మంది. చిన్నదెలా అవుతుంది?"

నాకు పాఠం ఉందని లేచి వచ్చేశాను. ఆ పీరియడ్ నాకు పాఠం లేదు. పెద్దక్కలా మంచి సలహా చెప్పానని నాకు నేనే అనుకున్నాను. అరవై అయిదు శాతం అచ్చుకెక్కితే పైవాళ్ళ కళ్ళు మా పట్టీల మీద పడతాయని, నా ఏడు నిమిషాల నడక పోతుందని, ఆ మాట మాత్రం ఆయనకి చెప్పలేదు. గురివింద గింజకి తన కింద నలుపు తెలియదంటారు. నాకు బాగానే తెలుసు, కనపడకుండా కూర్చున్నానంతే.

ఆయన తొంభై నాలుగు రాశాడు. హెడ్మాస్టరుగారు ఆ పేజీ మీద సంతకం పెడుతూ, "ఇప్పుడు దారిలో పడ్డావు" అన్నారు. గైడ్ 'ప్రశంసనీయం' అని రాశారు. నల్ల గౌను, నెత్తిన పలక లాంటి టోపీతో దిగిన ఫోటోని ఆయన భార్య కుట్టుమిషను మీద గోడకి తగిలించింది. బంగారు అక్షరాలతో బైండు చేసిన వ్యాసం ఒకటి మా లైబ్రరీలో అద్దాల బీరువాకి చేరింది. ఒక్కరూ తెరిచి చూడలేదు.

నవ్విన నాపచేనే పండింది. వేసవి సెలవుల తర్వాత డ్రిల్లు మాస్టారు మా బడికే హెడ్మాస్టరుగా వచ్చాడు. లెక్కల మాస్టారు పూలగుత్తి చేతికిచ్చి, "నేను ముందే అన్నాను, ఈయనలో ఆ కళ ఉందని" అన్నారు. ఆ రోజు లెక్కల మాస్టారు అసలు ఏమన్నారో విన్నవాళ్ళం పదిమందిమి ఉన్నాం. అందరం తలలూపాం. నేను నువ్వు మానేసి మీరు మొదలుపెట్టాను, నాయనా మానేసి సార్ అన్నాను. నాలుక ఎంత తేలిగ్గా తిరిగిందో చెప్పలేను. ఆయన మాత్రం నన్ను అక్కా అనడం మానలేదు.

కొత్త డ్రిల్లు మాస్టరు ఇంకా రాలేదు కాబట్టి వరుసలు తనే నిలబెట్టేవాడు, ఖాళీలు ఖాళీలుగానే ఉండేవి. సైకిలు మాత్రం తగ్గింది. రోజుకో మీటింగు, మీటింగుకో ఫైలు. మిడత ఎనిమిదో తరగతికి వచ్చింది. అప్పుడప్పుడూ వచ్చేది.

మొదటి నెలాఖరున పదిమంది క్లాస్ టీచర్లనీ ఆఫీసు గదికి పిలిచాడు. బల్ల మీద పది హాజరు పట్టీలు, పక్కన ఆ చిన్న నోటుబుక్కు, కొత్త ఎర్ర సిరా సీసా.

"ఈ నెల చుక్కలు ఎవరూ కప్పొద్దు. రానివాళ్ళకి ఈ సిరాతో సున్నా చుట్టండి. అప్పుడు సంతకం పెడతాను" అన్నాడు. అరవలేదు, బల్ల గుద్దలేదు. ఎన్నాళ్ళ నుంచో చెప్పుకుని చెప్పుకుని అలవాటైన మాటలా చెప్పాడు.

పట్టీలు బల్ల మీదే వదిలి వరండాలోకి రాగానే తొమ్మిదిమందీ నా వైపు చూశారు. "మీ మాట వింటాడు, తమ్ముడి వరస కదా" అన్నారు లెక్కల మాస్టారు. మొదట పోయేది నా సెక్షనేనని అందరికీ తెలుసు. నేను లైబ్రరీకి వెళ్ళి అద్దాల బీరువా తీయించి, బంగారు అక్షరాల పుస్తకం తీసుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళాను. పేజీ వెతకనక్కర్లేదు. తప్పులు దిద్దినదాన్ని నేనే కదా.

"సార్, ఇది మీ పుస్తకమే."

"తెలుసక్కా."

"ఇందులో తొంభై నాలుగు శాతమని ఉంది. మీ సంతకం, గైడ్ సంతకం, సీలు. ఇది చూసే మీకు ఈ కుర్చీ ఇచ్చారు. ఇప్పుడు అరవై అయిదని పంపితే పైవాళ్ళు ఒక్కటే అడుగుతారు, మిగతా పిల్లలు ఒక్క నెలలో ఎటు పోయారని. ముందు నుంచీ లేరు అంటారా, అప్పుడీ పుస్తకం అబద్ధం. పుస్తకం అబద్ధమైతే డిగ్రీ ఉండదు. డిగ్రీ లేకపోతే మీరు ఇక్కడ ఉండరు."

ఆయన పుస్తకాన్ని తన వైపు తిప్పుకున్నాడు.

"కుర్చీ ఎక్కాక లెక్కపెట్టుకోమని మీరే అన్నారు కదక్కా."

"అన్నాను."

తడుముకోలేదు కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

"మిడత ఈ నెల పన్నెండు రోజులు రాలేదు" అన్నాడు నోటుబుక్కు తెరవకుండానే. "ఆ గడుల్లో ఏం పెట్టమంటారు?"

"అందరి గడుల్లో పెట్టినట్టే."

ఆయన కలం మూత తీశాడు. పది పట్టీలూ ఒకదాని తర్వాత ఒకటి ముందుకు లాక్కుని సంతకాలు పెట్టాడు. చుక్కలు ఇంకా చుక్కలుగానే ఉన్నాయి, ఆ మధ్యాహ్నం మేం తీరిగ్గా కూర్చుని కప్పుకున్నాం. ఎర్ర సిరా సీసాని సొరుగులో పెట్టాడు. పుస్తకం మళ్ళీ బీరువాలో పెట్టించి తాళం వేయమన్నాడు. నేను వరండాలోకి వస్తే లెక్కల మాస్టారు నా కోసం టీ తెప్పించి ఉంచారు. తాగాను కూడా.

మర్నాడు ఉదయం ప్రార్థనకి ఆయన మెట్ల మీద నిలబడ్డాడు. మెడలో ఈల లేదు. పిల్లలు ఎప్పటిలాగే ఎవరి చోట్లలో వాళ్ళు నిలబడ్డారు, మధ్యలో ఖాళీలు వదిలి. ఆయన ఆ వరుసల వైపు చూసి మైకు అందుకున్నాడు.

"ఖాళీలు వదలొద్దు. ముందుకు జరగండి."

పిల్లలకి అర్థం కాలేదు. జరగొద్దని ఇన్నేళ్ళూ చెప్పింది ఆ గొంతే. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రెండోసారి చెప్పాడు. అప్పుడు ముందు చిన్నవాళ్ళు, తర్వాత పెద్దవాళ్ళు అడుగులో అడుగేసుకుంటూ జరిగారు. వరుసలు పొట్టివయ్యాయి, తిన్నగా అయ్యాయి.

"ఇప్పుడు చూడ్డానికి బాగుంది" అన్నారు నా పక్కన లెక్కల మాస్టారు.

నేను మూడో వరుస వెతుక్కున్నాను. నాలుగో చోటులో వేరే పిల్ల నిలబడి ఉంది, తనది కాని చోట నిలబడ్డానన్నట్టు కాళ్ళ వంక చూసుకుంటూ. మిడత వచ్చిందో లేదో అక్కడి నుంచి తెలియలేదు. తరగతిలోకి వెళ్ళి పేర్లు పిలిచాను. మిడత పలకలేదు. రెండోసారి పిలిచి, గుమ్మం వైపు చూసి, చుక్క పెట్టడానికి పెన్సిలు తీశాను. మళ్ళీ నెలాఖరున కప్పాల్సిందే కదా, రెండు పనులెందుకని పెన్సిలు పక్కన పెట్టి పెన్నుతో గీత గీసేశాను.